గుప్పెడంటే ఎంత

అరచేతిలో ఏ వస్తువు పెట్టినా దాని బరువు చెప్పేస్తానని ముప్పై ఏళ్లుగా కోతలు కోస్తూ వస్తున్నాను. నేను కాటాలు బాగుచేసే మనిషిని. మందుల షాపులో పొడులు తూచే బుల్లి కాటా నుంచి లారీ ఎక్కి నిలబడే పెద్ద కాటా వరకూ, మా చుట్టుపక్కల ఏది తప్పు తూచినా కబురు నాకే వస్తుంది. వెళ్లి దాన్ని విప్పుతాను, దుమ్ము దులుపుతాను, తూనికరాళ్లు ఒక్కొక్కటే పెట్టి సరిచూస్తాను. చివర్లో తేదీ, సంతకం, ఫోన్ నంబరు ఉన్న స్టిక్కరొకటి దాని పక్కన అంటించి వస్తాను. షాపులవాళ్లు నన్ను గ్రాములాయన అంటారు. ఆ పిలుపులో గౌరవమెంతో వెటకారమెంతో మాత్రం నేనెప్పుడూ తూచలేదు.

తూకం దగ్గర రెండు మాటలున్నాయి. సరుకులో మట్టి, తేమ, బస్తా బరువు ఉంటాయని చెప్పి కొనేవాడు కొంత తగ్గించి లెక్కేస్తే అది తరుగు. అమ్మేవాడు మంచి మనసుతో పళ్లెం కొంచెం వంగేలా ఇంకో గింజ వేస్తే అది మొగ్గు. ఈ రెండూ నాకు గిట్టవు. కాటా అన్నాక ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, అంతే. ఇంత నీతి వల్లించే నేను పొద్దున్నే షాపు తీసి, మూలనున్న పెద్ద కాటా ఎక్కి నా బరువు చూసుకునేటప్పుడు మాత్రం తరుగు తీసేవాణ్ణి. బట్టలు కిలో, చెప్పులు ముప్పావు కిలో, జేబులో స్క్రూడ్రైవర్లూ తాళాలూ ఒక అరకిలో, తాగిన టీ, మంచినీళ్లు, రాత్రి తిన్నది ఇంకా అరగలేదు కాబట్టి దానికో కిలో. తొంభై నాలుగు చూపిస్తున్న కాటా మీద నిలబడి తొంభై అనుకుంటూ దిగేవాణ్ణి.

"ఇంకా నయం, ఎముకల బరువు తియ్యలేదు" అనేది మా ఆవిడ.

ఈ తరుగు నాటకం నా ఒక్కడితో పోయేదైతే ఇప్పుడు చెప్పుకోవాల్సిన పనే లేదు. మా అక్క దగ్గరికి వచ్చేసరికి అది నవ్వులాట కాకుండా పోయింది.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. పక్క వీధిలో బట్టలు కుడుతుంది. మెడలో టేపు లేకుండా ఆమెని చూసింది తక్కువ. ఆమె పొడుగులు కొలుస్తుంది, నేను బరువులు కొలుస్తాను, మా ఇద్దరి మధ్యా ఎవరి కొలత గొప్పదన్న పోటీ చిన్నప్పటినుంచీ ఉంది. మనిషి పొట్టి, చెయ్యి ఇంకా పొట్టి. పదేళ్ల పిల్లలకి అమ్మే గడియారం ఆమె మణికట్టుకి సరిగ్గా సరిపోతుంది. రెండేళ్ల కిందట ఆమె రెండు కిడ్నీలూ పనిచెయ్యడం మానేశాయి. అప్పటినుంచి వారానికి మూడు రోజులు, రోజుకి నాలుగు గంటలు ఆస్పత్రిలో మిషన్ పక్కన పడుకుని రక్తం కడిగించుకుంటోంది. వెళ్లిన ప్రతిసారీ చేతిలో రెండు సూదులు గుచ్చాలి, ఒకటి రక్తం పోవడానికి, ఒకటి రావడానికి. బావగారు తన కిడ్నీ ఇస్తానన్నారు గానీ ఆయనకి షుగరు. నాది సరిపోయింది. ఆ మాట విన్నరోజు నేను వీధి చివరి దాకా ఛాతీ విరుచుకుని నడిచాను.

ఆ ఛాతీ కింద ఉన్న పొట్టని డాక్టరు గారు చూశారు.

"రిపోర్టులన్నీ బాగున్నాయి, బరువే ఎక్కువ" అన్నారాయన. "ఒకటి ఇచ్చేశాక మిగిలిన ఒక్క కిడ్నీతోనే మీరు బతకాలి. దాని మీద ఇంత భారం మోపితే రేపు మీరూ ఆ మంచం పక్కకే వస్తారు. మూడు నెలల్లో ఎనభై ఆరుకి దిగండి. అప్పుడు ఆపరేషన్ తేదీ ఇస్తాను. అప్పటిదాకా ఇవ్వను."

ఎనభై ఆరు. నా దగ్గర తొంభై నాలుగు ఉంది. బట్టల సంగతి ఎత్తుదామని నోరు తెరిచాను. అక్క నావైపు చూసింది. నోరు మూసుకున్నాను.

ఆ తర్వాత మమ్మల్ని ఆహారం సంగతి చెప్పే డైటీషియన్ దగ్గరికి పంపించారు. మా అమ్మాయి వయసుంటుంది. మధ్యాహ్నం ఏం తింటారని అడిగింది. నాలుగింటికి ఒక బిస్కెట్ ప్యాకెట్టు, ఒక వేపుడు ప్యాకెట్టు, చక్కెర దండిగా వేసిన టీ అని చెప్పాను. చెబుతుంటే నాకే కొంచెం సిగ్గేసింది, అందుకని రెండో టీ సంగతి దాచాను.

"వాటి బదులు రోజూ నాలుగింటికి ఒక గుప్పెడు పల్లీలు తినండి" అంది. "ఉప్పు లేకుండా, నూనె లేకుండా వేయించినవి. పొట్టు తియ్యొద్దు, పీచు అందులోనే ఉంది. ప్రోటీన్ బాగుంటుంది, కొవ్వున్నా ఎక్కువ భాగం గుండెకి మంచి చేసేదే. మెల్లగా అరుగుతాయి కాబట్టి రాత్రి దాకా ఆకలి మిమ్మల్ని సతాయించదు. బిస్కెట్ తిన్నట్టు రక్తంలో చక్కెర ఒక్కసారి పైకి ఎగరదు. బూజు వాసన, చేదు ఉన్న గింజలు మాత్రం పారెయ్యండి."

"పీనట్ బటరో?" అన్నాను. మా ఆవిడ కొన్న డబ్బా ఒకటి ఇంట్లో ఉంది.

"పల్లీలు తినని రోజు తినొచ్చు, రెండు చెంచాలు. కానీ డబ్బా వెనక చదవండి. పల్లీలు తప్ప ఇంకేం ఉండకూడదు. చక్కెర, గట్టిపరిచిన నూనె అని రాసుంటే షాపులోనే పెట్టేసి రండి."

అక్క అప్పటిదాకా టేపు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "నాకో, అమ్మా?" అంది.

"మీకు ఇప్పుడు వద్దండి. వీటిలో పొటాషియం, ఫాస్ఫరస్ ఎక్కువ. మీ కిడ్నీలు వాటిని బయటికి పంపలేవు. ఆపరేషన్ అయ్యాక పరీక్షలు చూసి చెప్తాను."

అక్కకి పల్లీలంటే ప్రాణం. కుట్టు మిషన్ సొరుగులో దారపు ఉండల పక్కన ఎప్పుడూ ఒక డబ్బా ఉండేది. బయటికొచ్చాక, "నా వంతు కూడా నువ్వే తినరా" అంది నవ్వుతూ. నేను మూర్ఖుణ్ణి. ఆ మాట అక్షరాలా పాటించాను.

ఆ మర్నాటినుంచి మా వీధిలో పల్లీల మీద నాకంటే తెలిసినవాడు లేడు. డైటీషియన్ చెప్పింది పది మాటలైతే నేను దాన్ని వంద చేసి, మందుల షాపాయనకి, తాళాలు చేసే ఆయనకి, జుట్టు కత్తిరించే ఆయనకి నూరిపోశాను. గుండెకి మంచిదన్నాను, చర్మానికి విటమిన్ ఇ అన్నాను, కండరాలకి మెగ్నీషియం అన్నాను. జుట్టు కత్తిరించే ఆయన కుర్చీలో కూర్చున్నవాడు లేచి పారిపోలేడు కాబట్టి, అక్కడ నా ఉపన్యాసాలు మరీ పొడుగ్గా సాగేవి. జిరాక్స్ షాపావిడకి కూడా చెప్పబోయాను. వాళ్ల కూతురు ఒకసారి రెండు గింజలు తింటే పెదాలు వాచి, ఊపిరాడక ఆస్పత్రిలో పెట్టారని ఆవిడ మెల్లగా చెప్పింది. తర్వాత ఆ షాపు ముందు మాత్రం తలొంచుకుని నడిచేవాణ్ణి.

ఇక తినడం. గుప్పెడు మంచిదైతే మూడు గుప్పెళ్లు మూడింతలు మంచివి కదా. పొద్దున పదకొండుకి ఒకటి, నాలుగింటికి ఒకటి, షాపు మూసేముందు ఒకటి. మధ్యలో పీనట్ బటర్ రెండు చెంచాలు. చెంచా అంటే మా ఇంట్లో కూర వడ్డించడానికి వాడేది, కుప్పగా. బిస్కెట్లూ వేపుడూ నిజంగానే మానేశాను, ఆ ఘనత ఎవరూ కాదనలేరు. "తూచి తినకూడదూ, చుట్టూ కాటాలేగా" అని మా ఆవిడ ఒకసారి అంది. నాకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లుగా చేత్తో బరువు చెబుతున్నవాడికి గుప్పెడు పల్లీలు తూచుకోవాల్సిన గతి పట్టిందా అనుకున్నాను. గుప్పెడంటే ముప్పై గ్రాములని పల్లీల ప్యాకెట్టు మీదే ఉంది, నాదీ అంతేనని నా చెయ్యే చెప్పింది. ఎవరు అడ్డొస్తారు?

నెల తిరిగేసరికి ఆస్పత్రికి వెళ్లాం. బరువు చూసే నర్సమ్మ నన్ను కాటా ఎక్కమంది. చెప్పులు వదిలాను, తాళాలు అక్క చేతిలో పెట్టాను, ఎందుకైనా మంచిదని ఊపిరి కూడా వదిలేశాను.

"తొంభై అయిదు" అంది నర్సమ్మ.

"తప్పు" అన్నాను. "మీ కాటా తప్పు చూపిస్తోందమ్మా. నెల రోజులుగా పల్లీలు తిని ఉంటున్నాను. ఇది మా వృత్తి, నాకు తెలుసు. లోపల తేమ చేరి ఉంటుంది. ఎవడో చేతకానివాడు చూసుంటాడు దీన్ని."

వరండాలో కూర్చున్న పదిమందీ తలలు తిప్పారు. నర్సమ్మ విసుక్కోలేదు. "అయ్యుండొచ్చండీ, మెకానిక్‌ని పిలుద్దాం" అని వంగి, కాటా పక్కనున్న స్టిక్కరు మీద నంబరు చూసి తన ఫోన్లో నొక్కింది.

నా చొక్కా జేబులో ఫోను మోగింది.

రెండు మోతల వరకూ నాకు అర్థం కాలేదు, ఎవరో షాపువాళ్లే అనుకుని తీసి చెవిన పెట్టుకున్నాను. "హలో" అంటే ఎదురుగా నిలబడ్డ నర్సమ్మ కూడా "హలో" అంది. స్టిక్కరు మీద తేదీ రెండు నెలల కిందటిది. సంతకం నాదే, వంకర లేకుండా నిలువుగా, గర్వంగా ఉంది. ఆస్పత్రిలో ఇరవై ఏడు కాటాలు ఒకే రోజు చూశాను, దీన్ని ఎప్పుడు చూశానో గుర్తులేదు. గుర్తులేకపోయినా సరిగ్గానే చూశానని మాత్రం నాకు తెలుసు. అదే నా ప్రాణానికి వచ్చింది.

వరండా అంతా నవ్వింది. అక్క కూడా నవ్వింది. కళ్లు తుడుచుకుంటూ, పొట్ట పట్టుకుని నవ్వింది. చాలా నెలల తర్వాత ఆమె అలా నవ్వడం చూశాను కాబట్టి నా పరువు పోయినందుకు పెద్దగా బాధపడలేదు.

బాధ ఆటోలో మొదలైంది. అక్క అలిసిపోయి నా భుజానికి తలానించి కళ్లు మూసుకుంది. ఆమె చేతిమీద సూదులు దిగిన చోటల్లా చర్మం ఉబ్బి, నల్లబడి ఉంది. నాకు లెక్కలు తప్ప ఇంకేం రావు, అందుకని లెక్కేశాను. నేను పోగొట్టిన నెలలో పదమూడు సార్లు ఆమె ఆ మంచం ఎక్కింది. ఇరవై ఆరు సూదులు. నేను మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాలి కాబట్టి ఇంకో ఇరవై ఆరు. ఇందులో దేనికీ తరుగు తియ్యడానికి లేదు. నా గొప్పలకి సూదులు ఆమె చేతిలో దిగుతున్నాయన్నమాట. నాకు ఏడుపొచ్చింది, ఆటో అతను అద్దంలో చూస్తే కంట్లో దుమ్ము పడిందని అబద్ధం చెప్పాను.

ఆటో నా షాపు ముందు ఆపించింది అక్క. లోపలికి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఏదీ, నీ గుప్పెడు చూపించు" అంది.

పల్లీల డబ్బాలో చెయ్యి పెట్టి తీశాను.

"ఎంతుంటుంది?"

"ముప్పై. అటూ ఇటూ అయితే ఒక గ్రాము."

"పొయ్యి దానిమీద."

మందుల షాపుకి తిరిగివ్వాల్సిన కాటా బల్లమీద ఉంది. దానిమీద పోశాను. డెబ్భై నాలుగు చూపించింది. కాటా తప్పని అందామంటే ఆ పొద్దునే దాన్ని నేనే సరిచేశాను. డెబ్భై నాలుగు మూడుసార్లంటే రోజుకి రెండు వందల ఇరవై రెండు. వారం రోజులకి సరిపోయేది నేను రోజూ తిని, ఆరోగ్యం కోసం తింటున్నానని ఊరంతా టముకు వేసుకున్నాను. ఇంకా పీనట్ బటర్ తూచలేదు. తూచే ధైర్యం లేకపోయింది.

అక్క తన చెయ్యి డబ్బాలో పెట్టి ఒక గుప్పెడు తీసి కాటా మీద పోసింది. ఇరవై తొమ్మిది.

"ఇదిరా గుప్పెడంటే" అంది. "ఆ అమ్మాయి తన చెయ్యి చూసి చెప్పింది. నువ్వు నీ చెయ్యి చూసుకున్నావు. కొలతల్లో పుట్టి పెరిగినవాడివి, ఏ టేపుతో కొలవాలో అడగవా?"

"నువ్వే కదక్కా నీ వంతు తినమన్నావు."

"నువ్వెప్పుడు వినలేదు గనక. చిన్నప్పుడు నాకు ఒంటి గింజ కాయలే ఇష్టమని చెప్పి రెండు గింజల కాయలు నీకిస్తే, అదీ నమ్మావు."

నాకు యాభై మూడేళ్లు వచ్చేదాకా అది నిజమనే అనుకున్నాను. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు.

మర్నాటినుంచి ఏర్పాటు మారింది. ఆస్పత్రి లేని రోజుల్లో నాలుగింటికి అక్క నా షాపుకి వచ్చి, తన చేత్తో గుప్పెడు తీసి నా ముందు పోసి, నేను తినడం అయ్యేదాకా కూర్చునేది. ఆస్పత్రి రోజుల కోసం ముందుగానే గుడ్డ పేలికల్లో గుప్పెడు చొప్పున మూటలు కట్టి పంపేది. ఒక్కో గింజా నమలమనేది. అలా నమిలితే ముప్పై గ్రాములు పావుగంట పడతాయని, ఆ తర్వాత నిజంగానే రాత్రి దాకా ఆకలి వెయ్యదని నాకు అప్పుడు తెలిసింది. డైటీషియన్ చెప్పిన ప్రతి మాటా నిజమే, నేను తప్ప. సాయంత్రాలు కాటాలు ఇచ్చి రావడానికి ఆటో మానేసి నడిచాను. పది కిలోల తూనికరాయి చేతిలో పట్టుకుని మేడమెట్లు ఎక్కుతున్నప్పుడు, ఇదే బరువుని నా పొట్టకి కట్టుకుని ఇన్నేళ్లు తిరిగానని అర్థమై ఎంతో ఆశ్చర్యపోయాను.

ఆమె వేయించిన పల్లీల వాసన గట్టిగా పీల్చి మూట ముడేసేది. ఒక్కటి కూడా నోట్లో వేసుకునేది కాదు. ఆమె ఎదురుగా నమలడం నేను చేసిన పనుల్లోకెల్లా కష్టమైనది. రెండో గుప్పెడు అడగాలని ఒక్కరోజు కూడా అనిపించలేదు.

డాక్టరు మూడు నెలలన్నారు, నాకు అయిదు పట్టాయి. అయిదో నెల చివర నర్సమ్మ నన్ను కాటా ఎక్కించి, "ఎనభై అయిదున్నర" అంది. తర్వాత, "మెకానిక్‌ని పిలవమంటారా?" అంది. బట్టలు, తాళాలు అన్నీ ఒంటిమీదే ఉన్నాయి. ఏదీ తీసెయ్యాలనిపించలేదు.

ఆపరేషన్ ముందురోజు పొద్దున డాక్టరు గారు మా ఇద్దరికీ బొమ్మ గీసి చూపించారు. "కిడ్నీ పెద్దదేం కాదు. నూట యాభై గ్రాములుంటుందేమో. మీ గుప్పిటంత అనుకోండి" అన్నారు.

"ఎవరి గుప్పిట, డాక్టరు గారూ?" అంది అక్క వెంటనే.

ఆయన నా చేతివైపు చూసి నవ్వేశారు. నేను మాత్రం ఆ పూటంతా గుప్పిట మూసి తెరిచి చూసుకుంటూ కూర్చున్నాను. భయం వేసింది. ఇవ్వడానికి కాదు, ఇచ్చింది సరిగ్గా పనిచేస్తుందో లేదో అని. కాటా అయితే విప్పి సరిచేస్తాను. ఇది నా చేతిలో లేదు.

పనిచేసింది. మర్నాడు మధ్యాహ్నం నాకు మెలకువ వచ్చేసరికి, అక్క పక్కన వేలాడుతున్న మూత్రం సంచి నిండిందని నర్సమ్మ పనిగట్టుకుని వచ్చి చెప్పింది. అలాంటి సంచి గురించి విని సంతోషంతో ఏడ్చినవాణ్ణి ఈ లోకంలో నేనొక్కణ్ణే అనుకున్నాను. పక్క మంచం మీదాయన, తను కూడా ఏడ్చానని చెప్పాడు.

నాలుగు నెలలు గడిచాక డైటీషియన్ అక్క పరీక్షలన్నీ తిరగేసి, "వారానికి రెండుసార్లు తినొచ్చండి. ఉప్పు లేకుండా, బాగా వేయించినవి. గుప్పెడే" అంది. అక్క ఆస్పత్రినుంచి తిన్నగా నా షాపుకే వచ్చింది. స్టూలు లాక్కుని కూర్చుని, పల్లీల డబ్బా నావైపు జరిపింది.

"ఎవరి గుప్పెడో ఆ అమ్మాయి చెప్పలేదు" అంది. "నీ చేత్తో తియ్యి."

డెబ్భై నాలుగు వస్తుందని ఆమె ఆశ. డబ్బాలో చెయ్యి పెట్టాను. నిండా తీద్దామనే అనుకున్నాను. కానీ లోపల నా వేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి. ఇన్ని నెలలు ఆమె చేతినుంచి తిని తిని, నా చేతికి ఇప్పుడు అదే కొలత అలవాటైపోయింది. తీసింది కాటా మీద పోశాను. అక్క కళ్లద్దాలు సర్దుకుని వంగి చూసింది.

"ముప్పై ఒకటి" అంది. "నీ వంతు తిన్నప్పుడు డెబ్భై నాలుగు. నాదగ్గరికి వచ్చేసరికి చెయ్యి చిన్నదైపోయిందా?"

నేను కాటాని ఆమె వైపు జరిపాను. అక్క ఒక గింజ తీసి నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు నమిలింది.

"అయినా ముప్పై కదరా లెక్క. ఈ ఒక్క గ్రాము ఏంటి?"

ముప్పై ఏళ్లలో నేను ఎవరికీ ఒక్క గింజ ఎక్కువ తూచలేదు.

"మొగ్గు అక్కా" అన్నాను. "తిను."